‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికలో తేదీ పక్కన ఉండాల్సినవి

సంపాదకులకు నమస్కారం.

దాదాపు ప్రతి తెలుగు దినపత్రికలోనూ ‘చరిత్రలో ఈ రోజు’ అని ఒక చిన్న పెట్టె వస్తుంది. నాలుగైదు పంక్తులే అయినా దానికి పాఠకులు తక్కువేం కాదు. బడుల్లో ఉదయం ప్రార్థన తర్వాత దాన్నే పైకి చదివిస్తారు. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునేవాళ్లు కత్తిరించి నోటుబుక్కులో అంటించుకుంటారు. శాఖా గ్రంథాలయాల్లో నల్లబల్ల మీదికి ఎక్కిస్తారు. అందుకే అందులో ఒక తేదీ తప్పుగా పడితే ఆ రోజుతో పోదు. ఎవరి వ్యాసంలోనో, ఎవరి ప్రశ్నపత్రంలోనో మళ్లీ తేలుతుంది. ఈ శీర్షికలో మేము గమనించిన పొరపాట్లు చాలావరకు అచ్చుతప్పులు కావు. వేసిన తేదీ ఏదో ఒక లెక్కలో సరైనదే అయి ఉంటుంది. అది ఏ పంచాంగం ప్రకారం, ఏ ఊరి గడియారం ప్రకారం, ఆ వ్యవహారంలో ఏ దశకు చెందినదన్నది రాయకపోవడం వల్ల తప్పుగా మారుతుంది. తెలుగువాళ్లకు బాగా తెలిసిన నవంబర్ 1నే ఉదాహరణగా తీసుకుని ఈ విషయం వివరంగా రాస్తున్నాం.

1956 నవంబర్ 1, గురువారం. ఆంధ్రప్రదేశ్ అవతరణ అని వేస్తారు. ఆ పక్కనే చాలాసార్లు ‘భాషాప్రయుక్త రాష్ట్రాల్లో మొదటిది’ అని చేరుస్తారు. ఆ విశేషణం ఈ తేదీది కాదు. స్వతంత్ర భారతంలో భాష ప్రాతిపదికన ఏర్పడ్డ మొదటి రాష్ట్రం 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా వచ్చిన ఆంధ్ర రాష్ట్రం. స్వాతంత్ర్యానికి ముందు సంగతి కూడా కలిపితే, 1936 ఏప్రిల్ 1నే ఒడియా ప్రాంతాలతో ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడింది. 1956లో జరిగింది వేరే పని. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం 3వ సెక్షన్ హైదరాబాద్ రాష్ట్రంలోని కొన్ని ప్రాంతాలను ఆంధ్ర రాష్ట్రానికి బదిలీ చేసి, ఆ రాష్ట్రం పేరును ఆంధ్రప్రదేశ్‌గా మార్చింది. అదే చట్టం కేరళ, మైసూరుల దగ్గర ‘కొత్త రాష్ట్రం ఏర్పడుతుంది’ అంటుంది. మన దగ్గర ఆ మాట వాడలేదు. బదిలీ అయిన ప్రాంతాలను కూడా ‘తెలంగాణ జిల్లాలు’ అని ఒక్క మాటతో సరిపెట్టేస్తే వివరం పోతుంది. పూర్తి జిల్లాలతో పాటు రాయచూరు జిల్లా నుంచి ఆలంపూర్, గద్వాల తాలూకాలు, గుల్బర్గా జిల్లా నుంచి కొడంగల్, తాండూరు తాలూకాలు వచ్చాయి. ఆ ఊళ్లలో ఈ పత్రిక చదివే పిల్లలకు తమ తాలూకా ఏ రాష్ట్రం నుంచి ఏ రాష్ట్రానికి ఆ రోజు మారిందో తెలియడం, ‘అవతరణ’ అన్న ఒక్క మాట కంటే ఎంతో విలువైన చరిత్ర పాఠం.

అదే రోజున కేరళ ఏర్పడింది. పాత మైసూరుకు బొంబాయి, హైదరాబాద్, మద్రాసు రాష్ట్రాల్లోని కన్నడ ప్రాంతాలు, కూర్గు కలిశాయి. కన్యాకుమారి ప్రాంతం తిరువాన్కూరు-కొచ్చిన్ నుంచి మద్రాసుకు మారింది. లక్కదీవులు కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి. రాజ్యాంగ ఏడో సవరణ కూడా అదే రోజు అమల్లోకి వచ్చి, ఏ, బీ, సీ తరగతుల రాష్ట్రాలన్న విభజన పోయింది. దేశంలో 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలు మిగిలాయి. ఇవన్నీ విడివిడి పంక్తులుగా వేస్తే ఒకే రోజున అన్ని ఘటనలు ఎలా కుదిరాయా అని పిల్లలు ఆశ్చర్యపోతారు. అందులో యాదృచ్ఛికమేమీ లేదు. ఇవన్నీ ఒకే నిర్ణయంలో భాగాలు. ఆగస్టు 31న రాష్ట్రపతి ఆమోదం పొందిన చట్టంలోనే నవంబర్ 1ని అపాయింటెడ్ డేగా, అంటే అమలు మొదలయ్యే రోజుగా రాశారు. కాబట్టి వీటికి ఐదారు పంక్తులు అక్కర్లేదు, ఒక్క పంక్తి చాలు.

ఆ తర్వాత కూడా ఈ తేదీని ప్రభుత్వాలు ఎంచుకుంటూ వచ్చాయి. పంజాబ్ పునర్వ్యవస్థీకరణతో హర్యానా 1966 నవంబర్ 1న వచ్చింది. మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా 1973 నవంబర్ 1న మారింది. ఛత్తీస్‌గఢ్ 2000 నవంబర్ 1న ఏర్పడింది. నెల మొదటి తేదీన మారితే జీతాలు, ఖజానా లెక్కలు నెల మధ్యలో తెగకుండా ఉంటాయన్న సౌలభ్యం ఉంది. అన్నివేళలా అలాగే చేశారనీ కాదు: 2000లోనే ఉత్తరాంచల్ నవంబర్ 9న, జార్ఖండ్ నవంబర్ 15న ఏర్పడ్డాయి.

నిజంగా యాదృచ్ఛికంగా కలిసినవి వేరే ఉన్నాయి. 1956 నవంబర్ 1న హైదరాబాద్‌లో నెహ్రూ కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించిన రోజే, బుడాపెస్ట్‌లో హంగేరీ ప్రధాని ఇమ్రె నాగీ, సోవియట్ కూటమి సైనిక ఒప్పందమైన వార్సా ఒడంబడిక నుంచి హంగేరీ తప్పుకుంటోందని, తటస్థంగా ఉంటుందని ప్రకటించాడు. ఒకదానికొకటి ఏ సంబంధమూ లేదు. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ రోజు ప్రపంచం ఎలా ఉందో తెలుస్తుంది. ఇలాంటి జతలే ఈ శీర్షికకు అందం. చట్టం కలిపినవాటినీ కాలం కలిపినవాటినీ విడదీసి చూపాలని మా మొదటి కోరిక.

ఇప్పుడు దశల సంగతి. రాజకీయ ఘటన ఏదీ ఒక్క రోజులో పూర్తి కాదు. అన్నిటికంటే మంచి ఉదాహరణ యానాం. అక్కడ ఫ్రెంచి పాలనను తొలగించి భారత్‌లో విలీనం కోరేవాళ్లు పగ్గాలు చేపట్టింది 1954 జూన్ 13న. ఫ్రెంచి స్థావరాల ప్రతినిధులు పుదుచ్చేరి ప్రాంతంలోని కీళూరులో ఓటు వేసింది అక్టోబర్ 18న. 178 మందిలో 170 మంది భారతదేశంలో విలీనానికి అనుకూలంగా వేశారు. రెండు దేశాల మధ్య ఒప్పందం అక్టోబర్ 21న జరిగింది. పాలన భారత్ చేతికి వచ్చింది నవంబర్ 1న. అప్పగింత సంధి మీద సంతకాలు 1956 మే 28న. ఆ సంధి ఫ్రాన్సు ఆమోదం పొంది చట్టబద్ధమైన బదిలీ జరిగింది 1962 ఆగస్టు 16న. ‘యానాం భారత్‌లో కలిసింది’ అని ఈ ఆరు తేదీల్లో దేని కిందైనా రాయవచ్చు, రాస్తున్నారు కూడా. అచ్చులో కావలసింది క్రియాపదం మార్చడమే: ‘పాలన చేతికి వచ్చింది’, ‘సంతకాలు జరిగాయి’, ‘చట్టబద్ధంగా బదిలీ అయింది’. ఆ ఒక్క మాటతో గందరగోళం పోతుంది.

తెలంగాణ రాష్ట్రానిదీ ఇదే దారి. బిల్లు లోక్‌సభలో 2014 ఫిబ్రవరి 18న, రాజ్యసభలో 20న నెగ్గింది. రాష్ట్రపతి ఆమోదం మార్చి 1న. రాష్ట్రం ఉనికిలోకి వచ్చింది జూన్ 2న. హైదరాబాద్ సంస్థానం విషయంలో సైనిక చర్య 1948 సెప్టెంబర్ 13న మొదలైంది. నిజాం కాల్పుల విరమణ ప్రకటన 17న, శుక్రవారం. నిజాం సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్ భారత సైన్యపు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లాంఛనంగా లొంగిపోయింది 18న. సెప్టెంబర్ 17ని ఏ పేరుతో పిలవాలన్న రాజకీయ చర్చ ఎలా ఉన్నా, ఆ రోజు ఏం జరిగిందన్నది మాత్రం స్పష్టం: ప్రకటన వెలువడింది. లొంగుబాటు దృశ్యం ఫొటోను 17వ తేదీ కింద వేయడం సరికాదు.

చట్టాలకూ సంధులకూ ఒక పద్ధతి పెట్టుకోవచ్చు. సభలో నెగ్గడం, ఆమోదం, అమలు అనే మూడు తేదీల్లో జనం జీవితాన్ని మార్చింది అమలు తేదీ కాబట్టి ప్రధాన పంక్తి దానికే ఇవ్వాలి. ఐరోపా సమాఖ్య విషయంలో 1992 ఫిబ్రవరి 7 దాన్ని ఏర్పరచిన మాస్ట్రిక్ట్ సంధి మీద సంతకాల తేదీ, 1993 నవంబర్ 1 సంధి అమల్లోకి వచ్చిన తేదీ. అమలు తేదీ చట్టం పాఠంలోనే రాసి ఉంటుంది, లేదంటే గెజిట్ నోటిఫికేషన్‌లో దొరుకుతుంది. బిల్లు నెగ్గిన మర్నాటి వార్తల్లో దాని కోసం వెతికితే దొరకదు.

పాత ఘటనల దగ్గరికి వస్తే అసలు చిక్కు మొదలవుతుంది. నవంబర్ 1 జాబితాల్లో తరచూ కనిపించేవి రెండు: 1512లో వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ పైకప్పు మీది మైకెలాంజెలో చిత్రాలను జనం చూడటానికి తెరిచింది, 1755లో లిస్బన్ భూకంపం. రెండూ నవంబర్ 1నే అయినా ఆ రెండు నవంబర్ 1లు ఒకటి కావు. మొదటిది ఐరోపాలో పూర్వం వాడిన జూలియన్ పంచాంగపు తేదీ. ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ లెక్కను వెనక్కి పొడిగిస్తే అది నవంబర్ 11. రెండోది గ్రెగోరియన్ తేదీ, ఎందుకంటే పోర్చుగల్ 1582లోనే మారింది. సర్వ పునీతుల పండుగ పూట, శనివారం ఉదయం, గుళ్లన్నీ జనంతో, వెలిగించిన కొవ్వొత్తులతో నిండి ఉన్నప్పుడు భూమి కంపించింది. తర్వాత మంటలు, సముద్రపు ఉప్పెన వచ్చాయి. రష్యాలో అదే రోజు తేదీ అక్టోబర్ 21.

ఈ తేడా ఎలా వచ్చిందో ఒకసారి రాసి పెట్టుకుంటే డెస్కులో ఎవరికైనా పనికొస్తుంది. 1582లో గ్రెగోరియన్‌కు మారాలన్న రోమ్ (పోప్) ఆజ్ఞ పాటించిన దేశాల్లో అక్టోబర్ 4 తర్వాతి రోజు అక్టోబర్ 15. బ్రిటన్, దాని వలసలు మారింది 1752లో. అక్కడ సెప్టెంబర్ 2 తర్వాతి రోజు సెప్టెంబర్ 14. రష్యాలో 1918 జనవరి 31 తర్వాతి రోజు ఫిబ్రవరి 14. రెండు పంచాంగాల మధ్య తేడా 1500 నుంచి 1700 ఫిబ్రవరి చివరి దాకా 10 రోజులు, అక్కడి నుంచి 1800 ఫిబ్రవరి దాకా 11, 1900 ఫిబ్రవరి దాకా 12, ఇప్పుడు 13. రష్యా ‘అక్టోబర్ విప్లవం’ నవంబర్ 7న రావడం అందుకే: వాళ్ల పాత లెక్కలో అది 1917 అక్టోబర్ 25. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెజ్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న, ఒకే రోజు మరణించారని ఏటా వేస్తుంటారు. ఇంగ్లండ్ జూలియన్‌లో, స్పెయిన్ గ్రెగోరియన్‌లో ఉన్న రోజులవి. ఇంగ్లండ్ ఏప్రిల్ 23 స్పెయిన్‌లో మే 3. పైగా సెర్వాంటెజ్ చనిపోయింది 22న. 23 ఖననం చేసిన రోజు. ఎంత ముచ్చటగా అనిపించినా ఈ జంటను ఒకే రోజు కింద వేయడం మానాలి.

ఇది ఎక్కడో యూరప్ సంగతి అని వదిలేయడానికి వీల్లేదు. మచిలీపట్నం, మద్రాసుల్లోని ఇంగ్లిష్ కంపెనీ కాగితాలన్నీ 1752 దాకా జూలియన్ తేదీల్లోనే ఉన్నాయి. దామర్ల వెంకటాద్రి నాయకుడు కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకి మద్రాసు భూమి ఇచ్చిన 1639 ఆగస్టు 22 కూడా ఆ లెక్కదే. గ్రెగోరియన్‌లో అది సెప్టెంబర్ 1. (కొన్ని నకళ్లలో జూలై 22 అని ఉండటంతో నెల గురించి కూడా వాదం నడిచింది, ఆగస్టే నిలిచింది.) ఇంకో ప్రమాదం ఉంది. ఆ కాలపు ఇంగ్లండ్‌లో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కంపెనీ ఉత్తరం మీద 1690 ఫిబ్రవరి 10 అని ఉంటే మన లెక్కలో అది 1691. జాగ్రత్తపరులైన చరిత్రకారులు దాన్ని 1690-91 అని రెండంకెలతో రాస్తారు. దాన్ని చూసి ‘ఏ సంవత్సరమో సందేహం ఉంది’ అనుకుని ఒకటి కొట్టేయకూడదు. ఔరంగజేబు మరణం 1707 ఫిబ్రవరి 20 అని ఒక పుస్తకంలో, మార్చి 3 అని మరో పుస్తకంలో కనిపించడానికీ కారణం ఈ రెండు పంచాంగాల తేడానే. రెండూ ఒకే రోజు. రెండు తేదీల్లోనూ రెండుసార్లు ఆయన మరణాన్ని వేసిన పెట్టెలు ఉన్నాయి.

1582కి ముందు ఘటనలకు చరిత్రకారుల ఆనవాయితీ జూలియన్ తేదీనే ఉంచడం. దాన్ని మార్చనక్కర్లేదు, ‘పాత పంచాంగం’ అని రెండు మాటలు చేర్చితే చాలు. ఏ పంచాంగమో తెలుసుకోవడానికి మన శాసనాలు గొప్ప సాయం చేస్తాయి, ఎందుకంటే వాటిలో తిథితో పాటు వారం కూడా ఉంటుంది. తుమకూరు జిల్లా హొన్నేనహళ్లి శాసనం శ్రీకృష్ణదేవరాయల మరణాన్ని ఆదివారం, చంద్రగ్రహణం ఉన్న రోజుగా చెబుతుంది. దాన్ని 1529 అక్టోబర్ 17గా నిర్ణయించారు. జూలియన్ లెక్కలో ఆ రోజు ఆదివారమే. కంప్యూటర్లో, ఫోన్లో ఉండే క్యాలెండర్లు చాలావరకు గ్రెగోరియన్‌నే వెనక్కి పొడిగిస్తాయి కాబట్టి అందులో చూస్తే గురువారం వస్తుంది. అది చూసి శాసనం తప్పు అనుకోకూడదు. తళ్లికోట యుద్ధానికి 1565 జనవరి 23 అని కొన్ని పుస్తకాలు, 26 అని కొన్ని ఇస్తాయి. జూలియన్‌లో 23 మంగళవారం, 26 శుక్రవారం. ఏ పుస్తకం ఏ వారం చెబుతోందో చూసుకోకుండా, గణతంత్ర దినం పక్కన బాగుంటుందని 26నే వేయడం చరిత్రకు న్యాయం కాదు.

వారం చూడటం కష్టమైన లెక్కేమీ కాదు. తెలిసిన రోజు ఒకటి పట్టుకోవాలి: 1947 ఆగస్టు 15 శుక్రవారం. 1956 ఆగస్టు 15కి 9 ఏళ్లు, మధ్యలో 1948, 1952, 1956 ఫిబ్రవరుల లీపు రోజులు 3, మొత్తం 12. ఏడుతో భాగిస్తే శేషం 5. శుక్రవారం నుంచి ఐదు జరిపితే బుధవారం. అక్కడి నుంచి నవంబర్ 1కి 78 రోజులు, శేషం 1. గురువారం. 1900 లీపు సంవత్సరం కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. ఎక్సెల్‌ని నమ్ముకునేవాళ్లకు ఒక హెచ్చరిక: అది 1900కి ముందు తేదీలను తేదీలుగానే గుర్తించదు, 1900ను లీపు సంవత్సరంగా లెక్కిస్తుంది.

తిథుల్లో ఉన్న ఘటనలను మార్చేటప్పుడు ఎక్కువగా దొర్లే తప్పు సంవత్సరంలోనే. శక సంవత్సరానికి 78 కలిపితే సామాన్య శకం వస్తుందని బడిలో చెబుతారు. అది ఉగాది నుంచి డిసెంబర్ చివరి దాకానే. జనవరి నుంచి మళ్లీ ఉగాది వచ్చేదాకా 79 కలపాలి. అన్నమయ్య పరమపదించింది దుందుభి నామ సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి. దుందుభి శక 1424. 78 కలిపితే 1502 వస్తుంది. కానీ ఫాల్గుణం ఉగాదికి ముందు నెల కాబట్టి 1503. ఆ తిథికి సరిపడేది పాత పంచాంగపు 1503 ఫిబ్రవరి 23. వర్ధంతిని ఇప్పటికీ తిథి ప్రకారమే జరుపుతారు కనుక ఉత్సవం ఏటా వేర్వేరు ఇంగ్లిష్ తేదీల్లో వస్తుంది. పెట్టెలో ఫిబ్రవరి 23న వేసినా తిథిని తప్పకుండా చేర్చాలి. సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే తేదీ నిర్ణయించకపోవడమే మంచిది, దుందుభి 60 ఏళ్లకోసారి వస్తూనే ఉంటుంది.

నిజాం రాజ్యపు కాగితాల్లో ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, ఉంటుంది. అక్కడి ఫసలీ సంవత్సరం అక్టోబర్‌లో మొదలయ్యేది. మొదలయ్యే ఇంగ్లిష్ ఏడాది కావాలంటే 590 కలపాలి, జనవరి దాటిన తేదీలకు 591. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 అక్టోబర్ దాకా. కోస్తా, రాయలసీమ రెవెన్యూ లెక్కల్లో వాడే మద్రాసు ఫసలీ మాత్రం జూలై 1న మొదలవుతుంది. అంకె ఒకటే కావడంతో రెంటినీ కలిపేస్తే మూడు నెలల తేడా వస్తుంది. ముస్లింల హిజ్రీ తేదీల్లో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, నెల చంద్ర దర్శనంతో. పట్టికల్లో చూసి మార్చినప్పుడు ఒక రోజు అటూఇటూ కావచ్చు. రాత్రి జరిగిన ఘటన అయితే ఇంకా జాగ్రత్త కావాలి.

గడియారం వల్ల వచ్చే తప్పు కొత్త ఘటనల్లో ఎక్కువ. మొదటి హైడ్రోజన్ బాంబు పరీక్ష, అమెరికా చేసిన 10.4 మెగాటన్నుల ‘ఐవీ మైక్’, 1952 నవంబర్ 1 అని కొన్నిచోట్ల, అక్టోబర్ 31 అని కొన్నిచోట్ల ఉంటుంది. పసిఫిక్‌లోని ఎనివెటోక్ దీవిలో అది నవంబర్ 1 ఉదయం 7.15. ప్రపంచ ప్రామాణికమైన గ్రీనిచ్ కాలంలో అక్టోబర్ 31 రాత్రి 7.15. మన దేశంలో అర్ధరాత్రి దాటి 12.45, అంటే నవంబర్ 1. ఘటన ఎక్కడ జరిగిందో ఆ చోటి గడియారాన్నే పాటించాలన్నది మా సూచన. చంద్రుడి మీద ఏ ఊరి గడియారమూ లేదు కాబట్టి అక్కడ గ్రీనిచ్ కాలం రాసి, మన సమయం పక్కన ఇవ్వాలి. అపోలో 11 దిగింది గ్రీనిచ్ లెక్కలో 1969 జూలై 20 రాత్రి 8.17కి, మనకు అప్పటికే 21వ తేదీ తెల్లవారుజాము 1.47. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపింది గ్రీనిచ్‌లో 21న 2.56కి, మనకు ఉదయం 8.26కి. అమెరికాలో అది ఇంకా 20వ తేదీ రాత్రే. ‘జూలై 20న చంద్రుడిపై తొలి అడుగు’ అన్న పంక్తి అమెరికా గడియారానిది, దిగడం మాత్రం గ్రీనిచ్‌లోనూ 20వ తేదీయే.

పాత పత్రికలను ఆధారంగా తీసుకునేటప్పుడు పత్రిక తేదీకీ ఘటన తేదీకీ ఒక రోజు తేడా ఉంటుందన్నది అందరికీ తెలిసిందే అయినా, మరిచిపోతున్నారు. రాత్రి పొద్దుపోయాక జరిగినవాటి దగ్గర ఇది మరీ ఎక్కువ. పొట్టి శ్రీరాములు మరణం 1952 డిసెంబర్ 15 రాత్రి. 16 అని వేసేవాళ్లు ఉన్నారు. దీక్ష లెక్కే దీన్ని సరిచూస్తుంది: అక్టోబర్ 19న మొదలు, ఆ నెలలో 13 రోజులు, నవంబర్‌లో 30, డిసెంబర్‌లో 15. మొత్తం 58. అందరూ చెప్పే 58 రోజులతో ఇది సరిపోతుంది; 16 అయితే 59 అవుతుంది. ప్రత్యేక రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటించింది డిసెంబర్ 19న. ఆ త్యాగానికి సంబంధించిన తేదీ ఒక రోజు కూడా జరగకూడదని మా పట్టుదల.

వార్షికోత్సవాల సంఖ్య కూడా చూడాలి. 1956 నుంచి 2006కి నిండింది 50 ఏళ్లు. అవతరణ జరిగిన రోజును కూడా ఒకటిగా లెక్కిస్తే 51. స్వాతంత్ర్య దినానికి రెండో పద్ధతి వాడుకలో ఉంది: 2022లో 75 ఏళ్లు నిండాయి, జరిగింది 76వ స్వాతంత్ర్య దినం. ‘ఏళ్లు నిండాయి’ అని రాస్తే ఏ గొడవా ఉండదు.

ఏం వేయాలి, ఏం వదలాలి అన్నది సంపాదకుల ఇష్టం. అయినా ఒక మాట చెప్పాలి. 1984 అక్టోబర్ 31 కింద ఇందిరాగాంధీ హత్య ఏటా వస్తుంది. మర్నాడు, నవంబర్ 1న, ఢిల్లీలో సిక్కులను ఊచకోత కోసిన సంగతి మాత్రం చాలా పెట్టెల్లో కనిపించదు. రెండో తేదీ లేకుండా మొదటిది అసంపూర్ణం. ఇక నవంబర్ 1 దేవులపల్లి కృష్ణశాస్త్రి పుట్టినరోజు, 1897. క్రికెటర్ వి.వి.ఎస్. లక్ష్మణ్ హైదరాబాద్‌లో పుట్టింది 1974లో ఇదే రోజు. సినిమా తారల పుట్టినరోజులకు చోటున్న పెట్టెలో కృష్ణశాస్త్రికి ఎప్పుడూ చోటు ఉండాలి.

మీకు సమ్మతమైతే, రాబోయే నవంబర్ 1 పెట్టె ఈ రూపంలో రావచ్చు. స్థలం ఎక్కువేమీ పట్టదు.

1755: ఉదయం పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపం, మంటలు, ఉప్పెన (కొత్త పంచాంగం).

1858: కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చిందని తెలిపే విక్టోరియా ప్రకటనను అలహాబాద్‌లో గవర్నర్ జనరల్ కానింగ్ చదివించాడు. ఆ మార్పు చేసిన చట్టానికి ఆమోదం అంతకుముందు ఆగస్టు 2న.

1897: కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి జననం.

1952: ఎనివెటోక్ దీవిలో మొదటి హైడ్రోజన్ బాంబు పరీక్ష (స్థానిక కాలం ఉదయం 7.15, గ్రీనిచ్‌లో అక్టోబర్ 31).

1954: యానాం సహా ఫ్రెంచి స్థావరాల పాలన భారత్ చేతికి వచ్చింది. చట్టబద్ధ బదిలీ 1962 ఆగస్టు 16న.

1956: రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం అమలు. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు ప్రాంతాలు చేరి ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయింది. నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి. కేరళ, కొత్త మైసూరు ఏర్పడ్డాయి. అదే రోజు హంగేరీ తటస్థత ప్రకటన.

1984: ఢిల్లీలో సిక్కుల ఊచకోత.

ఇట్లు,
పాఠశాలల్లో చరిత్ర బోధించే కొందరు ఉపాధ్యాయులు